పాసు వెళ్ళని అమ్మవారు

మా చిన్నప్పుడు మా ఇంటి దేవుళ్ళందరూ రైలు స్టేషనున్న ఊళ్ళలోనే ఉండేవారు. పూరీలో జగన్నాథుడు, సింహాచలంలో అప్పన్న, కాశీలో విశ్వనాథుడు. నాన్న బిలాస్‌పూర్ షెడ్డులో ఇంజను డ్రైవరు. రైల్వే ఇచ్చే పాసు చేతికి రాగానే అది ఎక్కడిదాకా వెళ్తుందో చూసుకుని, అక్కడి దేవుడికి ఆ ఏడు మొక్కు చెల్లించేవాళ్ళం. ఆ ప్రయాణాలన్నిటికీ నేను ఈనాటికీ కృతజ్ఞురాలిని. సముద్రం చూశాను, గంగలో మునిగాను. మా ఊళ్ళో ఉండిపోయిన పిన్నమ్మలకి ఆ భాగ్యం లేదు.

కానీ మా క్వార్టరుకి పదిహేను పదహారు మైళ్ళలో ఉన్న రతన్‌పూర్ అమ్మవారి దగ్గరికి మాత్రం ఏళ్ళ తరబడి వెళ్ళలేదు. అక్కడికి రైలు లేదు.

ఆ మొక్కు నా కోసం మొక్కినది. నాలుగేళ్ళప్పుడు నాకు ఒళ్ళంతా అమ్మవారు పోసింది. కళ్ళు కూడా తెరవలేకపోయానట. లాల్‌ఖదాన్ నుంచి మాకు పాలు తెచ్చే ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ గుమ్మంలోనే కూర్చుని, "రతన్‌పూర్ మహామాయకి మొక్కుకో దాయీ" అని అమ్మకి చెప్పిందట. దాయీ అంటే వాళ్ళ భాషలో అమ్మా అని. అమ్మ తల మీంచి నీళ్ళు పోసుకుని, తడిబట్టతో మొక్కింది. పిల్ల దక్కితే పిల్లని తీసుకొచ్చి, నీకు ఎర్రచీర పెట్టి, నా చేత్తో పరవాన్నం వండి, కళ్ళారా నిన్ను చూస్తాను తల్లీ అని. నేను దక్కాను. ముఖం మీది మచ్చల్ని అద్దంలో చూసుకున్నప్పుడల్లా, ఈ మచ్చలుండడానికి ఒక ముఖమంటూ మిగిలిందని దణ్ణం పెట్టుకోవడం అమ్మే నేర్పింది.

చదువూ అమ్మే నేర్పింది. కాలనీలో ఉన్న బడి హిందీది, అదీ మగపిల్లలకి. అమ్మ వంటింటి గచ్చు మీద సుద్దతో అక్షరాలు దిద్దించి, స్తోత్రాల పుస్తకం నా చేత చదివించేది. నాకు పదమూడో పద్నాలుగో ఏట ఒక సాయంత్రం అలా చదువుతుంటే, "వొత్తి ఎగదొయ్యమ్మా, అక్షరాలు అలుక్కుపోతన్నాయి" అంది. వత్తి అప్పటికే నిండా ఎగదోసి ఉంది.

మొదట రేచీకటి అనుకున్నాం. మునగాకు తినిపించాం, మేక కార్జం తినమన్నారు, అది మాత్రం అమ్మ ముట్టలేదు. రైల్వే ఆసుపత్రి డాక్టరు చూసి, కంటి నరం ఎండిపోతోందనీ, కొన్నాళ్ళకి పగటి చూపు కూడా పోతుందనీ, దానికి మందు లేదనీ చెప్పాడు. నడిమధ్యాహ్నపు ఎండలో అమ్మకి అన్నీ బాగానే కనిపించేవి. బియ్యంలో రాళ్ళు కూడా ఏరేది. పొద్దు వాలితే మాత్రం గోడలు తడుముకోవలసిందే.

అప్పుడు మొట్టమొదటిసారి ఆవిడ నాన్నని ఒకటి గట్టిగా అడిగింది.

"చూపుండగా రతన్‌పూర్ తీసుకెల్లండి."

"అక్కడికి పాసెక్కడుందే?" అన్నారు నాన్న.

"మోటారుంది కదండీ."

"మోటారుకి టికట్టు కొనాల. నా సర్వీసులో టికట్టు కొన్నానా ఎప్పుడైనా?"

మా ఇంట్లోనే ఉండే మేనత్త, నాన్నకి అక్క, వత్తులు చేసుకుంటూ తల ఎత్తకుండానే అంది. "ఒరే తమ్ముడా, అమ్మోరు టేషను కట్టించుకోలేదని అలిగేవేటి?"

నాన్న నవ్వలేదు గానీ, ఆ మాట పనిచేసింది. నవరాత్రుల రద్దీ మొదలవకముందే వెళ్ళి వచ్చేద్దామని, భాద్రపదంలో ఒకరోజు సెలవు పెట్టారు. ఒక్కరోజే. మర్నాడు పొద్దున్న బండి తీసుకెళ్ళాలి.

పాలావిడ చెప్పినదాన్ని బట్టి మధ్యాహ్నం తలుపులు వేసేలోగా వెళ్తే, గుమ్మంలోంచి పడే వెలుతురులో అమ్మవారి ముఖం బాగా కనిపిస్తుంది. ఆ వేళకి చేరాలి. అమ్మకి కావలసింది అదొక్కటే. ఆ వేళకి చేర్చడం మా భారం.

వారం ముందునుంచీ అమ్మ సర్దింది. ఎర్రచీర, కొత్త ఇత్తడి గిన్నె, బియ్యం, బెల్లం, సిగిడీ అనే చిన్న బొగ్గుల కుంపటి, దానికి ఒక సంచీ షెడ్డు బొగ్గు. మా కాలనీలో అందరం రైలింజనులో వేసే రాతిబొగ్గుతోనే వండుకునేవాళ్ళం. కట్టెల పొయ్యి అంటే నామోషీ. అమ్మవారి పరవాన్నానికి కదా అని, అమ్మ ఆ బొగ్గుని ముక్క ముక్కా కడిగి పెరట్లో ఎండబెట్టింది.

"బొగ్గుని కడిగితే తెల్లబడుద్దేటే?" అంది అత్త.

"తెలుపు కోసం కాదు వొదినా, మడి కోసం."

తెల్లవారకముందే స్నానాలు చేసి, దయాల్‌బంద్ అవతల మోటార్లు ఆగే చోటికి నడిచి వెళ్ళాం. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క మోటార్లన్నీ కట్టెబొగ్గుతో నడిచేవి. బస్సు వెనక నిలువెత్తు ఇనప డ్రమ్ము బిగించి ఉండేది. అందులో కట్టెబొగ్గు కాలిస్తే వచ్చే గ్యాసుతో ఇంజను తిరిగేది. నాన్న ఆ డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో తట్టి చూసి, "ఇదీ ఒక బాయిలరేనా?" అన్నారు.

తర్వాత గడియారం తీసి, బస్సు బయల్దేరే టైము ఎంత అని డ్రైవర్ని అడిగారు.

"భర్ జాయేగీ తో చలేగీ, సాబ్" అన్నాడతను. నిండితే కదులుతుంది.

నాన్న జీవితంలో నిండితే కదిలే బండిని చూడలేదు. రెండు గంటలకి పైగా గడియారం పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడ్డారు. నలుగురు రావడం, ఇద్దరు దిగి టీకి వెళ్ళడం. ఎండ మా కాళ్ళ దగ్గరికి వచ్చేసింది. అమ్మ ఒళ్ళో చీర మూట పట్టుకుని, అది ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు కూర్చుంది.

చివరికి కదిలింది. అర్పా నది దాటి కొంతదూరం పోయామో లేదో, వెనక చక్రం గాలి పోయింది. ట్యూబు విప్పి, అతుకు వేసి, మళ్ళీ బిగించేసరికి అది నిలవలేదు. మళ్ళీ విప్పారు. నాన్న చెట్టు కింద నిలబడి, "ఇనప చక్రమైతే ఈ పీడే లేదు" అని మూడుసార్లయినా అని ఉంటారు. ఎవరూ వినలేదు. తెల్లవారినప్పటి నుంచి ఆయనకి తెలిసినదేదీ అక్కడ ఎవరికీ పనికిరాలేదు. అది నాకు అప్పుడే అర్థమై, కొంచెం జాలి కూడా వేసింది.

చక్రం బిగించాక వాన పట్టుకుంది. బస్సు కప్పు మీద కట్టెబొగ్గు బస్తాలున్నాయి. వాటి మీది పట్టా చిరిగి ఉంది. తడిసిన బొగ్గు డ్రమ్ములో పడేసరికి పొగే తప్ప మంట లేదు. ఇంజను గుటకలు మింగి ఆగిపోయింది. డ్రైవరు డ్రమ్ము దగ్గరున్న పంకా తిప్పి తిప్పి చెమటలు కక్కాడు.

నాన్న దిగి వెళ్ళారు. "జరుగు" అన్నారు. నిప్పు దగ్గరికొచ్చేసరికి ఆయన నడకే మారిపోయింది. మూత తీసి, కళ్ళు చికిలించి లోపలికి చూసి, నేరుగా మా సామాను దగ్గరికి వచ్చి బొగ్గు సంచీ ఎత్తారు.

"ఇదిగోండి, అది అమ్మోరిదండి" అంది అమ్మ.

"అమ్మోరి దగ్గిరికే కదా ఎల్తంది."

"పరవాన్నానికి..."

"ఎల్తే కదే పరవాన్నం!"

డ్రైవరు కొంచెం వెనకాడాడు. ఇందులో కట్టెబొగ్గే వేస్తామనీ, రాతిబొగ్గు ఎప్పుడూ వేసి ఎరగననీ హిందీలో నసిగాడు. "నువ్వు ఎరగవు. నాను ఎరుగుదును" అన్నారు నాన్న, తెలుగులోనే. ఆ గొంతు విని అతనికి అర్థమైపోయింది. బస్సులోంచి ఎవరో, "అరే, రైలు డ్రైవరు సాబ్ ఆయన, వెయ్యనీ" అన్నారు. మిగతావాళ్ళూ వెయ్యనీ వెయ్యనీ అన్నారు. వాళ్ళకీ తొందరే.

అమ్మ కడిగి ఎండబెట్టిన బొగ్గు అంతా, సంచీ దులిపి మరీ, ఆ డ్రమ్ములో పోసేశారు.

నిజం చెప్పాలి కదా, బస్సు పరుగెత్తింది. అంతకు ముందెప్పుడూ అంత జోరుగా పోలేదని డ్రైవరే అన్నాడు. నాన్నని తన పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. వాన వెలిసి ఎండ కూడా వచ్చింది. నాన్న వెనక్కి తిరిగి, "చూసేవా? షెడ్డు బొగ్గంటే అదీ!" అని పెద్దగా నవ్వారు. ఆ నవ్వులో ఆయన చాలా అందంగా ఉన్నారు. దానికి కూడా నేను దణ్ణం పెట్టుకున్నాను, ఆ క్షణంలో.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఎండ వొచ్చింది కదూ అమ్మీ? అందుకుంటాం కదూ?"

"అందుకుంటామమ్మా."

రెండు మైళ్ళు పోయి ఉంటాం. ముందు ఒక వాసన వచ్చింది, రైలు కట్ట మీద తారు కాగుతున్నప్పుడు వచ్చే వాసన. తర్వాత పసుపు పొగ. చిన్న ఎత్తు ఎక్కుతూ బస్సు రెండు మూడుసార్లు దగ్గి, ఎక్కడిది అక్కడ నిలిచిపోయింది. డ్రైవరు ముందు మూత ఎత్తి, గొట్టాలు విప్పి చూశాడు. రాతిబొగ్గు పొగలోని జిడ్డంతా లోపలికి పోయి, బెల్లప్పాకంలా నల్లగా పేరుకుని, ఇంజనులో కదలవలసినవన్నీ అతుక్కుపోయాయి. రైలింజనులో పొగ గొట్టంలోంచి పైకి పోతుంది. ఇందులో ఆ పొగే ఇంజను తినే తిండి. పాతికేళ్ళు మంట ముందు నిలబడిన మనిషికి ఆ ఒక్క తేడా తట్టలేదు.

"ఖతమ్" అన్నాడు డ్రైవరు, నేల మీద చతికిలబడి.

అంతవరకూ వెయ్యనీ వెయ్యనీ అన్నవాళ్ళే నాన్న మీద విరుచుకుపడ్డారు. ఒకాయన మరీ వెటకారంగా, "పట్టాలు కూడా ఇంటినుంచి తెచ్చుకోవలసింది బాబూ" అన్నాడు. నాన్న చొక్కా చేతులు మడిచి, ఆ జిడ్డులో మోచేతుల దాకా పెట్టి, గీకడం మొదలుపెట్టారు. చాలాసేపు గీకారు. ఏమీ కాలేదు. అమ్మ నీడ పాదాల కిందనుంచి పక్కకి జరగడం నేను చూస్తూ కూర్చున్నాను.

గుడి తలుపులు మూసే వేళ దాటిపోయింది. మళ్ళీ తీసేది సాయంత్రమే. అయినా పొద్దు వాలకముందు చేరితే కొంత వెలుతురైనా దొరుకుతుందని అత్త అంది. రతన్‌పూర్ అంగడికి కుండలు వేసుకుపోతున్న ఒక ఎడ్లబండి వచ్చింది. కుమ్మరి, అతని భార్య. అత్త రోడ్డుకి అడ్డంగా నిలబడి బండి ఆపింది. ఆ ఇల్లాలు అమ్మ కళ్ళ వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా కుండలు ఒక పక్కకి జరిపింది. "బైఠవ్ దాయీ" అంది, కూర్చోమని. చోటు చాలక తలా రెండు కుండలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. వాళ్ళు మా దగ్గర ఏమీ పుచ్చుకోలేదు. ఇన్నేళ్ళలో దీపం పెట్టినప్పుడు ఆ దంపతుల్ని తలచుకోని రోజు లేదు.

నాన్న బండి ఎక్కలేదు. వెనక నడిచారు.

బురదలో ఎడ్లు అడుగు తీసి అడుగు వేస్తున్నాయి. అమ్మ ఆగి ఆగి ఒకటే మాట అడిగేది. "పొద్దెక్కడుందమ్మా?"

"ఇంకా ఉందమ్మా."

"చెట్ల మీదుందా, చెట్ల కిందికెల్లిందా?"

"మీదే ఉంది."

కొంతసేపటికి అడగడం మానేసింది. ఆవిడకే తెలిసిపోతుంది కదా. ఎదురుగా కూర్చున్న నా ముఖం ఆవిడకి కనబడడం మానేసి ఉంటుంది.

గుడి చేరేసరికి దీపాలు పెట్టేశారు. నాన్న నూతి దగ్గర ఆగిపోయారు. చేతులు మోచేతుల దాకా నల్లగా జిడ్డు. మట్టితో తోమారు, ఇసకతో రుద్దారు, పోలేదు. "ఈ చేతుల్తో నాను రాను. మీరెల్లండి" అన్నారు.

లోపల నూనె దీపం ఒకటే. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి నడిచింది. గర్భగుడి ముందు నిలబడి, కళ్ళు ఎంత పెద్దవి చెయ్యగలదో అంత పెద్దవి చేసింది. ఆవిడ ముఖం అమ్మవారి వైపు లేదు. పక్కనున్న స్తంభం వైపు ఉంది. నేను మెల్లగా భుజాలు పట్టి తిప్పాను. పూజారి ఎర్రచీర తీసుకుని, అక్కడ ఉన్న మిగతా చీరల మీద పెట్టాడు. అమ్మవారు ఆవేళ పసుపు చీరలో ఉంది, ఆకుపచ్చ అంచు. ముఖం ప్రశాంతంగా ఉంది. నాకు అంతా కనిపించింది. మొక్కింది అమ్మ, చూసింది నేను.

"కనబడతోందా?" అని చెవిలో అడిగాను. నా చెయ్యి నొక్కింది, అంతే. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చూసేవాళ్ళు భక్తి అనుకుని ఉంటారు.

బయట నాన్న చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. ఆయన గొంతు అంత మెత్తగా అంతకు ముందు నేను వినలేదు. "చూసేవా?"

"చూసేనండి" అంది అమ్మ. "కళ్ళారా చూసేను."

అత్త ఊరుకోలేదు. "పరవాన్నం వొండనే లేదు. ధర్మశాలలో తొంగుని, పొద్దున్న ఎండలో ఇంకోసారి చూసి ఎల్దాం రా."

"పొద్దున్న డూటీ."

"నువ్వెల్లు. మేం ముగ్గురం ఉంటాం."

"ఊరు కాని ఊళ్ళో ఆడోళ్ళని వొదిలీసి ఎల్తానేటి? ఆవిడ చూసేనంతంది కదా, నీకేటి?"

అత్త అమ్మ వైపు చూసింది. అమ్మ నేల వైపు చూసింది. దాంతో అయిపోయింది.

ఆ రాత్రి ధర్మశాల అరుగు మీద గడిపాం. కలప లారీ ఒకటి తెల్లవారకముందే బిలాస్‌పూర్ పోతుంటే, నాన్న దాన్లో మాకు చోటు అడిగారు. గుడి దాటుతున్నప్పుడు తలుపులు ఇంకా తీయలేదు. నాన్న డ్యూటీకి ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు. ఆ సంగతి ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పారు.

పక్క క్వార్టర్లవాళ్ళు ప్రసాదం కోసం వచ్చి, దర్శనం బాగా అయిందా అని అడిగారు. అమ్మ వాళ్ళతో, "ఎర్రచీరలో ధగధగలాడిపోనాది తల్లి" అంది. తను పెట్టిన చీరే కట్టారనుకుంది పాపం.

నేను ఓర్చుకోలేకపోయాను. వాళ్ళు వెళ్ళాక నాన్న ముందు నిలబడి చెప్పేశాను. "అమ్మకి ఏమీ కనబళ్ళేదు నాన్నా. అమ్మవారు కట్టుకున్నది పసుపు చీర. చూపు పూర్తిగా పోకముందు మళ్ళీ తీసుకెళ్ళు."

నాన్న అమ్మ వైపు తిరిగారు. "అబద్ధమాడేవేటే?"

"పిల్లకేటి తెలుసండీ" అంది అమ్మ. "నాను చూసేను."

"మరి?" అన్నారు నాన్న నాతో. ఆ ఒక్క మాటతో రతన్‌పూర్ దారి మూసుకుపోయింది.

వంటింట్లో అమ్మని నిలదీశాను. ఆవిడ బియ్యం కడుగుతూ, "మీ నాన్న చేతులు చూసేవా? ఇంకా ఆ నలుపు పోలేదు. రాతిరి అన్నం కలుపుకోడానికి కూడా సిగ్గుపడ్డారు" అంది. ఆ నలుపు వారంలో పోయింది. అమ్మ పగటి చూపు ఆ మరుసటి వేసవి గడిచేసరికి పోయింది.

ఆ ఏడు పాసు రాగానే నాన్న కాశీ తీసుకెళ్ళారు. మంచి మనసుతోనే తీసుకెళ్ళారు, కాదనను. మెట్టు మెట్టుకీ చెయ్యి పట్టుకుని దింపారు. తిరిగి వచ్చాక అందరితో, "గంగ చప్పుడు బాగుంది" అని చెప్పింది అమ్మ.

షెడ్డు స్నేహితులు ఇంటికొస్తే నాన్న ఆ బస్సు కథ చెప్పేవారు. చచ్చిపోయిన మోటార్ని షెడ్డు బొగ్గుతో రెండు మైళ్ళు ఎలా పరిగెత్తించారో, డ్రైవరు ఎలా నోరు వెళ్ళబెట్టాడో. అందరూ నవ్వేవారు.

"ఆ తరవాతేటయిందో కూడా చెప్పరా" అనేది అత్త లోపల్నుంచి.

"ఆ తరవాతేటి? దర్శనం!" అనేవారు నాన్న.

రోజూ దీపం పెట్టాక, నాకు మేలు చేసినవాళ్ళని ఒక్కొక్కరినీ తలుచుకుని దణ్ణం పెట్టుకోవడం నా అలవాటు. పాలావిడ, కుమ్మరి దంపతులు, అత్త, లారీ మనిషి. నాన్న పెట్టిన అన్నానికీ, చూపించిన సముద్రానికీ పెట్టుకుంటాను. కానీ ఆ భాద్రపదం రోజు దగ్గరికి వచ్చేసరికి ఆయన పేరు నోట్లో ఆగిపోతుంది. ఈ చేదు తీసెయ్యమని ఆ తల్లినే అడిగాను. ఇంకా తియ్యలేదు.

చూపు పోయాక అమ్మ మధ్యాహ్నాలు వసారాలో ఎండకి ముఖం పెట్టి కూర్చునేది. వెచ్చదనాన్ని బట్టి పొద్దు ఎక్కడుందో చెప్పేది. ఒకరోజు నేను జడ వేస్తుంటే, ఎవరూ లేరని రూఢి చేసుకుని మెల్లగా అడిగింది.

"ఏ రంగన్నావే ఆవేళ?"

"పసుపమ్మా."

"అంచో?"

"ఆకుపచ్చ."

"ముక్కుకేటైనా ఉందా?"

"ఉంది. చిన్నది. దీపానికి మెరిసింది."

అమ్మ ఆ మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటున్నట్టు కళ్ళు మూసుకుంది. "పసుపు మంచిదే" అంది. "పసుపే బాగుంటాది ఆవిడకి."

గేటు చప్పుడైంది. డ్యూటీ నుంచి నాన్న వచ్చారు. ఏటి మాటాడుకుంటన్నారు తల్లీ కూతుళ్ళు అని అడిగారు, బూట్లు విప్పుకుంటూ.

"ఏటీ లేదండీ" అంది అమ్మ. "అమ్మోరి ఎర్రచీర గురించి చెప్తన్నాను దీనికి."